సీమ ఇళ్లలో సామెతలు, జాతీయాలు, మంగళపు మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పెద్దవాళ్లు నాలుగు మాటలు మాట్లాడితే అందులో ఒక సామెత దొర్లుతుంది. పదో తరగతి పిల్లలు, ఉద్యోగాల మీద బెంగళూరు, హైదరాబాదు పోయినవాళ్లు, కోస్తా నుంచి ఇక్కడికి కోడళ్లుగా వచ్చినవాళ్లు వాటి గురించి పదేపదే అడిగే ప్రశ్నలు ఇవి. అర్థం ఒక్కటే తెలిస్తే సామెత సగమే తెలిసినట్టు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారో కూడా తెలియాలి. అందుకే వీలైన చోటల్లా సందర్భం కూడా రాశాను.

సామెతకూ జాతీయానికీ తేడా ఏంటి? పరీక్షలో ఎప్పుడూ తికమక పడతాను.

మాట చెప్పి అక్కడే ఆగి చూడండి. "ఇంట గెలిచి రచ్చ గెలవాలి" అని ఆగితే విన్నవాళ్లకు విషయం పూర్తిగా అందుతుంది. అది సామెత. "నీళ్లు నమలడం" అని ఆగితే "ఎవరు? ఎందుకు?" అని అడుగుతారు. అది జాతీయం. జాతీయం ఒంటరిగా నిలబడదు. నమిలాడు, నమిలింది, నమలొద్దు అంటూ వాక్యాన్ని బట్టి దాని రూపు మారుతుంది. సామెత ఎవరు చెప్పినా, ఎవరికి చెప్పినా దాదాపు ఒకే రూపంలో వస్తుంది.

ఇంకో గుర్తు అర్థంలో ఉంది. జాతీయంలో విడివిడి మాటలకు ఉన్న అర్థం ఒకటి, కలిపితే వచ్చేది ఇంకొకటి. నీళ్లను ఎవరూ నమలరు, జవాబు చెప్పలేక తడబడటం అని దాని అర్థం. కాలికి బుద్ధి చెప్పడం అంటే పారిపోవడం. కాళ్లకు బలపం కట్టుకోవడం అంటే తెగ తిరగడం. తిరుపతి క్షవరం అంటే పని మొదలుపెట్టి సగంలో వదిలేయడం. నిమ్మకు నీరెత్తినట్టు ఉండటం అంటే చుట్టూ ఎంత గొడవ జరుగుతున్నా తనకేమీ పట్టనట్టు ఉండటం.

పరీక్ష రాసే పిల్లలకు ఒక మాట. సొంతవాక్యం రాయమంటే "నీళ్లు నమలడం అనేది ఒక జాతీయం" అని రాసి ఊరుకోవద్దు, మార్కులు పోతాయి. "అప్పు ఎప్పుడు తీరుస్తావని అడిగితే మా చిన్నాయన నీళ్లు నమిలాడు" అని రాయండి. ఆ వాక్యం చదివితే జాతీయం తెలియనివాళ్లకు కూడా అర్థం తోచాలి.

నానుడి, లోకోక్తి, నుడికారం అని కూడా అంటారు కదా. అవన్నీ వేరువేరా?

వాడుకలో నానుడి, లోకోక్తి, సామెత దాదాపు ఒకటే. నుడికారం మాత్రం కొంచెం పెద్ద మాట. భాషకు సహజంగా ఉండే పలుకుబడి మొత్తం అందులోకి వస్తుంది. పిల్లా జెల్లా, గొడ్డూ గోదా, నగా నట్రా, రాళ్లూ రప్పలూ లాంటి జంటమాటలు కూడా నుడికారమే. వీటి మధ్య గీతలు గీసుకుంటూ కూర్చోవడం కంటే వాడటం నేర్చుకోవడం మేలు.

కొన్ని సామెతలు "అన్నట్టు" అనో "అందట" అనో ముగుస్తాయి. అలా ఎందుకు?

తెలుగులో అందంగా పండిన రకం ఇదే అని నా అభిప్రాయం. ఇందులో ఒక చిన్న కథ ఉంటుంది. ఆ కథలో ఎవరో ఒకరు ఏదో అంటారు, లేదా చేస్తారు. మనం ఎదుటి మనిషిని నేరుగా ఏమీ అనకుండా ఆ కథను చూపిస్తాం. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అంటే, చేతగానితనాన్ని పనిముట్టు మీదికి నెట్టడం. "జల్లెడ వచ్చి సూదిని నీకు బెజ్జం ఉందందట" అంటే, ఒళ్లంతా తప్పులున్నవాళ్లు ఒక్క తప్పు చేసినవాళ్లను ఎత్తిచూపడం. "రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు" అన్నది ఎక్కడ వాడాలో చెప్పక్కర్లేదు.

వీటిలో "చల్లకొచ్చి ముంత దాచినట్టు" అన్నదాన్ని కొంచెం దగ్గరగా చూడండి. చల్ల అంటే మజ్జిగ. పాడి ఉన్న ఇంటికి పొద్దున్నే చుట్టుపక్కలవాళ్లు మజ్జిగ కోసం పోయేవాళ్లు. డబ్బుల లెక్క ఉండేది కాదు, అడిగితే పోసేవాళ్లు. ఒకామె పోయింది. అడగడానికి మొహమాటమేసి ముంతను కొంగు చాటున పెట్టుకుంది. వాకిట్లో నిలబడి ఎండ గురించీ, ఎనుము ఈనిన సంగతీ మాట్లాడుతుంది గానీ అసలు మాట ఎత్తదు. ఇంటామెకు అంతా తెలుసు. సాయం కోసమే వచ్చి, ఆ సంగతి చెప్పకుండా చుట్టూ తిప్పి మాట్లాడేవాళ్లతో "చల్లకొచ్చి ముంత దాచడమెందుకు మామా, విషయం చెప్పు" అంటాం. ఇందులో ఎగతాళి కంటే చనువే ఎక్కువ. అప్పు అడగడానికి వచ్చినవాళ్ల మొహమాటం పోగొట్టడానికి ఇంతకంటే మెత్తని మాట నాకు కనిపించలేదు.

కార్తెల సామెతలు చాలా వింటాం. అవి ఎలా అర్థం చేసుకోవాలి?

ముందు కార్తె అంటే ఏమిటో చూద్దాం. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం కార్తె. నక్షత్రాలు 27 కాబట్టి ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి సుమారు 13, 14 రోజులు. మే చివర్లో రోహిణి వస్తుంది. జూన్ 8 దరిదాపుల్లో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర, ఆగస్టు మధ్యలో మఖ, నెలాఖరులో పుబ్బ, సెప్టెంబరు మధ్యలో ఉత్తర, నెలాఖరులో హస్త, అక్టోబరు రెండో వారంలో చిత్త మొదలవుతాయి. చంద్రుడి తిథులు ఏటా జరుగుతుంటాయి గానీ కార్తెలు సూర్యుడి లెక్క. అందుకే ప్రతి ఏడూ దాదాపు అవే తేదీల్లో వస్తాయి. రైతు పంటల లెక్కకు తిథిని వదిలి కార్తెను పట్టుకున్నది ఇందుకే.

ఇక సామెతలు. "రోహిణిలో రోళ్లు పగులుతాయి" అంటే ఎండ తీవ్రత. "మృగశిర కురిస్తే ముంగిళ్లు చల్లబడతాయి" అంటే తొలకరి. "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి" అన్నది ఆశ. మృగశిర, ఆరుద్రల్లో పదును, అంటే విత్తడానికి చాలినంత తడి నేలలో దొరికితేనే మెట్ట రైతు గుండె కుదుటపడుతుంది.

అనంతపురం వైపు ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ఆపేస్తాయి, మనది వాననీడ. ఉన్న ఆ కాస్త వాన కూడా ఎప్పుడు పడుతుందన్నదే అసలు లెక్క. శనక్కాయ, అదే మా వైపు బుడ్డలు, మూడున్నర, నాలుగు నెలల పంట. జులైలో విత్తితే ఊడలు దిగి కాయ ఊరే కాలం మఖ, పుబ్బ, ఉత్తరల్లో పడుతుంది. ఆ నెలన్నరలో వాన మొహం చాటేస్తే చెట్టు పచ్చగా కనిపిస్తూనే ఉంటుంది, పీకి చూస్తే కాయ లొట్ట. "మఖ పుబ్బలు వరుపైతే మహా క్షామం" అన్నారంటే అనుభవం అంత గట్టిది. వరుపు అంటే వాన లేని ఎండుగాలం.

తర్వాతిది "ఉత్తర చూసి ఎత్తర గంప". ఈ సామెతను పిల్లలు ప్రాస కోసం కట్టిన మాట అనుకుంటారు. ఉత్తర కార్తె దాకా ఎదురుచూడు, అప్పటికీ వాన రాకపోతే గంప నెత్తినెత్తుకొని ఊరు విడిచి పో, అని దాని అర్థం. గంపలో ఉండేది నాలుగు గిన్నెలు, పాత బట్టలు, మిగిలిన గింజలు. కదిరి, ఆదోని, ఆలూరు పల్లెల్లో తాళం పడిన ఇళ్లు చూసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. ఇప్పుడు గంప బదులు బ్యాగు వచ్చింది, నడక బదులు బెంగళూరు బస్సు వచ్చింది. సామెత మాత్రం పాతబడలేదు. దయచేసి దీన్ని తమాషాకు వాడకండి.

చివరికి కాస్త మంచి మాట కూడా ఉంది: "చిత్త కురిస్తే చింతలు కాస్తాయి." హిందూపురం చింతపండు మార్కెట్టుకు సరుకు తెచ్చేవాళ్లు ఈ మాట ఇప్పటికీ అంటారు.

అయితే ఈ సామెతలు నమ్మి విత్తనం వేయొచ్చా?

సామెత ఒక్కదాన్నే నమ్మి వేయొద్దు. అది తరతరాలుగా చూసిన సగటు మాట, ఈ ఏడాది మీ చేనికి చెప్పిన మాట కాదు. భూమిలో పదును ఎంత లోతుకు దిగిందో చూసుకోండి. వాతావరణ శాఖ సూచన, వ్యవసాయాధికారుల సలహా తీసుకోండి. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు" అన్నదీ ఆ పెద్దలే కదా.

"పుబ్బలో పుట్టి మఖలో మాడినట్టు" సరైనదా, "మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు" సరైనదా?

రెండోదే సరైనది. మఖ ముందు, పుబ్బ వెనక. మఖ వానకు మొలిచినది రెండు వారాలు తిరక్కుండానే పుబ్బ ఎండకు మాడిపోయిందని భావం. ఆర్భాటంగా మొదలై వెంటనే మూతపడిన వ్యాపారాలకూ, పార్టీలకూ వాడతారు. కార్తెల వరస మరిచిపోయినవాళ్ల నోట్లో ఇది తిరగబడింది.

"కరువులో అధికమాసం" అన్నా, "గోరుచుట్టుపై రోకటిపోటు" అన్నా ఒకటే కదా?

పుస్తకాల్లో రెంటికీ "కష్టం మీద కష్టం" అని ఒకే అర్థం రాసేస్తారు. వాడేవాళ్లకు తేడా తెలుసు. గోరుచుట్టు అప్పటికే సలుపుతోంది, అదే వేలి మీద రోకలి పడింది. ఉన్న నొప్పే ఎక్కువైంది. "మూలిగే నక్క మీద తాటిపండు" అంటే, అప్పటికే నీరసపడినవాడి మీద ఎక్కణ్నుంచో సంబంధం లేని దెబ్బ వచ్చి పడటం.

కరువులో అధికమాసం అలా కాదు. చాంద్రమానాన్ని సౌరమానంతో సరిచేయడానికి సుమారు 32, 33 నెలలకోసారి ఒక నెల అదనంగా వస్తుంది. మామూలు రోజుల్లో వచ్చినా రాకున్నా ఎవరికీ పట్టదు. కరువు ఏట మాత్రం, పంట చేతికొచ్చే పండుగ దాకా ఇన్ని నెలలు గింజలు సర్దుకోవాలి అని ఇల్లాలు లెక్క వేసుకొని ఉంటుంది. ఆ లెక్కలోకి ఇంకో నెల దూరింది. కొత్త దెబ్బేమీ తగల్లేదు, ఓర్చుకోవాల్సిన కాలం పెరిగింది. జీతం రాని నెలలో ఆసుపత్రి ఖర్చు వస్తే అది గోరుచుట్టుపై రోకటిపోటు. జీతం ఇంకో నెల ఆలస్యమని కబురొస్తే అది కరువులో అధికమాసం. 1876-78 నాటి ధాత కరువు లాంటివి చూసిన నేల ఇది. ఇక్కడ ఈ సామెతకు బరువు ఎక్కువ.

"పోతాను" అంటే మా అవ్వ కోప్పడుతుంది. ఎందుకు?

అవ్వకు కోపం కాదు, భయం. తిరిగి రాని పోకకు కూడా పోవడం అనే అంటాం కాబట్టి, గడప దాటే మనిషి నోట ఆ మాట ఒంటిగా రాకూడదని. "పోతా అనకూడదమ్మీ, పోయొస్తా అనల్ల" అని సరిదిద్దుతారు. రావడం అన్న మాట కూడా ఉంటేనే వాళ్లకు నెమ్మది.

ఇలాంటివి మన ఇళ్లలో బోలెడు. వీటిని మంగళపు మాటలు అనుకోవచ్చు. సామెతలూ కావు, జాతీయాలకు దగ్గరగా ఉంటాయి. దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. డబ్బాలో బియ్యం అయిపోతే "బియ్యం నిండుకున్నాయి" అంటారు. కొత్త కోడలు ఆ మాట విని డబ్బా నిండుగా ఉందనుకొని ఊరుకుంటే రాత్రికి వంట ఆగిపోతుంది. నల్లపూసల దారం తెగితే, గాజు చిట్లితే "పెరిగింది" అంటారు. చనిపోయారు అనకుండా కాలం చేశారు అంటారు. ఆటలమ్మ పోస్తే రోగం పేరు ఎత్తకుండా అమ్మవారు పోసింది అంటారు. రాత్రిపూట పాము పేరెత్తరు, పురుగు అంటారు.

ఇంటిపైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, మనం ఏ మాటంటే దానికి సరే అంటారని ఒక నమ్మకం. నమ్మినా నమ్మకపోయినా, ఈ మాటల్లో ఇంటి మనుషుల మీద ఉన్న ఆపేక్ష నిజం. అవ్వ సరిదిద్దితే వాదించకండి.

ఒక్క చోట మాత్రం ఈ పద్ధతి పక్కన పెట్టాలి. శనక్కాయ పీకేటప్పుడో, రాత్రి నీళ్లు కట్టేటప్పుడో పాము కరిస్తే, ఆసుపత్రిలో "పురుగు ముట్టింది" అని చెప్పొద్దు. డ్యూటీలో ఉన్న డాక్టరు వేరే ప్రాంతం మనిషి అయితే ఏ చీమో తేలో అనుకునే ప్రమాదం ఉంది. 108కి ఫోన్ చేసేటప్పుడూ, డాక్టరుతోనూ "పాము కరిచింది" అని స్పష్టంగా చెప్పండి. అమ్మవారు పోసినప్పుడూ అంతే. వేపాకు పెట్టండి, మొక్కు మొక్కుకోండి, డాక్టరుకూ చూపించండి.

"నీ ఇల్లు బంగారం గాను" అని తిట్టారు. అది తిట్టా, దీవెనా?

రెండూ. కోపం వచ్చింది, కానీ చెడ్డ మాట అనడానికి మనసు రాలేదు. గొంతులో తిట్టు, మాటలో దీవెన. మిమ్మల్ని సొంత మనిషిగా అనుకున్నారని అర్థం.

కాకతాళీయ న్యాయం, స్థాలీపులాక న్యాయం అంటారు. న్యాయానికీ కోర్టుకూ సంబంధం ఉందా?

లేదు. ఇక్కడ న్యాయం అంటే ఒక దృష్టాంతం, లోకంలో అందరికీ తెలిసిన ఒక పోలిక. సంస్కృతం నుంచి వచ్చి చదువుకున్నవాళ్ల మాటల్లో స్థిరపడ్డాయి. కాకి వచ్చి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి వల్లే పండు పడిందనుకోవడం కాకతాళీయం. కుండలో ఒక్క మెతుకు పట్టి చూసి అన్నమంతా ఉడికిందని తెలుసుకోవడం స్థాలీపులాకం. విత్తు ముందా మొలక ముందా అని తేలని చర్చ బీజాంకురం. గుడ్డివాళ్లు ఏనుగును తడిమి తలొక మాట చెప్పడం అంధగజం. పురుగు కొయ్యను తొలిచినప్పుడు గీతల్లో అనుకోకుండా ఒక అక్షరం ఏర్పడటం ఘుణాక్షరం.

వంటింట్లో అవ్వ మెతుకు నొక్కి చూసి "పొయ్యి ఆర్పు" అంటుంది చూడండి. ఆమె స్థాలీపులాకం అనే పేరు విని ఉండదు గానీ రోజూ చేసే పనే అది.

పొడుపుకథలు కూడా సామెతల కిందికే వస్తాయా?

రావు. సామెత విషయాన్ని తేటపరుస్తుంది, పొడుపుకథ విషయాన్ని దాస్తుంది. కానీ రెండూ ఒకే చోట పుట్టి పెరిగాయి, చేతులకు పని ఉండి నోటికి తీరిక దొరికే చోట.

తొలకరికి ముందు శనక్కాయ విత్తనం ఒలిచే రోజులు గుర్తున్నవాళ్లకు ఇది తెలుసు. కాయల మీద కాసిని నీళ్లు చిలకరించి మెత్తబడనిచ్చి, పంచలో చుట్టూ కూర్చొని ఒలిచేవాళ్లు. ముక్కు దగ్గర బొటనవేలితో నొక్కితే కాయ టప్పున విచ్చుకుంటుంది. గింజ చీలకూడదు, ఎర్రపొర చిట్లకూడదు, చిట్లితే విత్తనానికి పనికిరాదు. పొద్దుగూకేసరికి వేళ్లు పొంగి మండేవి. ఒలిచిన డబ్బాల లెక్కన కూలి. పిల్లలు నిద్రపోకుండా, చేతులు ఆగకుండా పొడుపుకథలు మొదలయ్యేవి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు": కనురెప్పలు. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది": చల్ల చిలికే కవ్వం. "తెల్లని పొలంలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు": కాగితం మీది అక్షరాలు. ఈ చివరిదాన్ని బడి మొహం చూడని ఆడవాళ్లు కూడా చెప్పేవాళ్లు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కదులుతుంది.

మిషన్లు వచ్చాక ఒలుపు పని చాలావరకు తగ్గింది. వేళ్లకు సుఖమే. పొడుపుకథలకు మాత్రం ఆ చోటు పోయింది.

వేమన పద్యాల్లోని పాదాలను సామెతల్లా వాడతారు. అవి సామెతలేనా?

ఇప్పుడు అవును. "అనువుగాని చోట అధికులమనరాదు" అనే మనిషికి మిగతా పద్యం రాకపోవచ్చు. కానీ మాట సరైన చోట పడుతుంది. పద్యంలోంచి ఒక పాదం విడిపోయి జనం నోట్లో ఒంటరిగా బతికితే అది సామెత అయినట్టే. వేమన పద్యాల కట్టడం కూడా అందుకు వీలుగా ఉంటుంది. ఆటవెలదికి నాలుగు పాదాలు. నాలుగోది మకుటం. చాలా పద్యాల్లో మొదటి రెండు పాదాలు లోకంలో కనిపించే సంగతిని చూపిస్తే, మూడోది అసలు మాటను తేల్చేస్తుంది. ఏ పాదం నోటికి ఇంపుగా ఉంటే అది విడిగా తిరుగుతుంది.

వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలో ఉంది. పాత అనంతపురం జిల్లా ఊరే, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఆ పద్యాలకు అచ్చులో గౌరవం దక్కడం వెనుక కడపకూ సంబంధం ఉంది. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తర్వాతి కాలంలో వేమన పద్యాల రాతప్రతులు సేకరింపజేసి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తోంది. సామెతల మీద ఆసక్తి ఉన్న పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకుపోండి.

ఏదైనా వింత జరిగితే "బ్రహ్మంగారు అప్పుడే చెప్పినాడు" అంటారు. ఇది ఏ రకం?

ఇది సామెత కాదు, అలవాటుగా వచ్చే సాక్ష్యం మాట. పోతులూరి వీరబ్రహ్మంగారి పేరు బనగానపల్లెకూ, కడప జిల్లా కందిమల్లాయపల్లెకూ గట్టిగా ముడిపడి ఉంది. కాబట్టి సీమలో ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. కాలజ్ఞానంలో ఆ సంగతి ఉందా లేదా అని ఎవరూ వెతకరు. ఆశ్చర్యాన్ని పంచుకోవడానికి అనే మాట అది.

"ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు" అంటారు. మరీ ఎక్కువ చేసి చెప్పడం కాదా?

ఎక్కువ చేసి చెప్పడం సామెతలకు ఉన్న హక్కు. వేసవిలో సంగటి ముద్దతో పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కొని చేనికి పోయే మనిషి అన్న మాట ఇది, వైద్యశాస్త్రం కాదు. ఇదే మాట కర్నూలు మార్కెట్ యార్డులో ఇంకోలా వినిపిస్తుంది. ధర పడిపోయిన ఏడు, తెచ్చిన బస్తాలకు కూలీ, బండి బాడుగ కూడా రాక నిలబడిన రైతు ముందు ఈ సామెత అనకండి. తినేవాడికి ఉల్లి చేసిన మేలు పండించినవాడికి ఏ ఏడూ ఖాయం కాదు.

ఒక సామెత "ఆలస్యం అమృతం విషం" అంటుంది, ఇంకోటి "నిదానమే ప్రధానం" అంటుంది. ఏది నమ్మాలి?

రెండూ. పాము కాటుకు మొదటిది, పెళ్లి సంబంధానికి రెండోది. సామెత చట్టం కాదు, సందర్భానికి అందే సలహా.

కులాలనూ, ఆడవాళ్లనూ తక్కువ చేసే సామెతలు చాలా ఉన్నాయి. అవి కూడా మన సంపదేనా? వాడొచ్చా?

వాడొద్దు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. "పాత సామెతే కదా, నేను అన్నది కాదు కదా" అని తప్పించుకోవడం కుదరదు. మీ నోట్లోంచి వచ్చింది కాబట్టి అది మీ మాటే. ఒక కులం పేరు పెట్టి తెలివితక్కువతనానికో, మురికికో, దొంగతనానికో ముడిపెట్టిన సామెతలు మన సేకరణల్లో కొల్లలు. వాటిని ఇక్కడ ఉదాహరణగా కూడా రాయను. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో బహిరంగంగా అవమానించడం 1989 నాటి చట్టం కింద నేరం కూడా. సామెత రూపంలో అన్నంత మాత్రాన అవమానం అవమానం కాకుండా పోదు.

"ఆడది తిరిగి చెడింది, మగవాడు తిరగక చెడ్డాడు" లాంటివి ఇళ్లలో మామూలుగా దొర్లుతుంటాయి. డిగ్రీకి కర్నూలు పోతానన్న అమ్మాయి ముందు ఆ మాట ఒక్కసారి అంటే చాలు, దాని చదువు ఆగిపోవచ్చు. పరిశోధన చేసేవాళ్లు ఇలాంటివి రాసి పెట్టుకోవచ్చు. ఒక కాలం ఎలా ఆలోచించిందో తెలుస్తుంది. మాటల్లోకి మాత్రం తీసుకురావద్దు. ఇంట్లో పెద్దవాళ్లు అంటే ఎదురు తిరిగి అరవక్కర్లేదు. "అవ్వా, ఆ మాట వద్దులే" అని నెమ్మదిగా అంటే చాలాసార్లు ఆగిపోతారు.

పెద్దవాళ్ల ముందు సామెతలు వాడొచ్చా?

వాడొచ్చు, కానీ చూసి వాడాలి. తమ కంటే చిన్నవాళ్లను ఉద్దేశించి పెద్దవాళ్లు అనే సామెతలు కొన్ని ఉన్నాయి. "తాతకు దగ్గులు నేర్పినట్టు" అన్నది తాత అనాలి, మనవడు కాదు. "గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు" అన్నది నలుగురిలో అంటే నేరం మోపినట్టే, తర్వాత సర్దిచెప్పుకోవడం కష్టం. "అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని" అన్నది అల్లుడు భోజనానికి కూర్చున్నప్పుడు ఎవరైనా అంటే ఆ ఇంటికి ఆయన మళ్లీ రావడం అనుమానమే.

మీ కంటే పెద్దవాళ్లతో అనక తప్పనప్పుడు "మీరే అంటుంటారు కదా పెద్దాయనా" అని ముందు పెట్టండి. మాట వాళ్లదే అవుతుంది, మీరు గుర్తు చేసినట్టు ఉంటుంది. ఇంకో మంచి పద్ధతి, సామెతను మీ మీదే వేసుకోవడం. "నాది ఎనుబోతు మీద వాన పడినట్టు అయిపోయింది, ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు" అంటే ఎవరికీ నొప్పి తగలదు.

మా ఊళ్లో అనే సామెత ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. తప్పా? రాసి పెట్టుకోవాలంటే ఎలా?

తప్పు కాదు. అచ్చులోకి వచ్చినవి కొన్నే. 1868లో కెప్టెన్ కార్ అనే ఇంగ్లీషు అధికారి మద్రాసులో తెలుగు సామెతల పెద్ద సంపుటి వేశారు. తర్వాత ఎందరో తెలుగువాళ్లు సేకరించారు. అయినా ఒక్కో ఊరికీ, ఒక్కో వృత్తికీ సొంత సామెతలు ఇంకా మిగిలే ఉన్నాయి. బేతంచెర్లలో నాపరాయి కొట్టేవాళ్ల మాటలు వేరు, ధర్మవరంలో మగ్గం మీద కూర్చునేవాళ్ల మాటలు వేరు, మైదుకూరు వైపు పసుపు పండించేవాళ్ల మాటలు వేరు.

రాసేటప్పుడు మొదటి జాగ్రత్త, యాసను దిద్దొద్దు. ఎనుము అంటే ఎనుము అనే రాయండి, గేదె అని మార్చొద్దు. సద్ది, సంగటి, బేడలు, కసువు అన్నవి విన్నట్టే రాయండి. మార్చితే ప్రాస చెడుతుంది, చాలాసార్లు అర్థం కూడా జారిపోతుంది. తెలియనివాళ్ల కోసం పక్కన అర్థం రాసుకుంటే సరి.

రెండోది, "సామెతలు చెప్పవ్వా" అని ఎదురుగా ఫోన్ పెట్టి అడగొద్దు. అలా అడిగితే ఒక్కటీ గుర్తురాదు, పైగా టెన్షన్ పడతారు. పని చేసుకుంటూ, ఎవరినో తిట్టుకుంటూ, సంతలో బేరమాడుతూ ఉన్నప్పుడు అవే వస్తాయి. వచ్చినప్పుడు మనసులో పెట్టుకొని ఆనక రాసుకోండి. రికార్డు చేయాలంటే ముందే చెప్పి, వాళ్లు సరేనన్నాకే చేయండి. ప్రతి సామెత కింద నాలుగు సంగతులు ఉండాలి: ఏ ఊరు, ఏ పని చేసే మనిషి నోట విన్నారు, ఎవరిని ఉద్దేశించి అన్నారు, అప్పుడు ఏం జరుగుతోంది. అర్థం తర్వాతైనా ఎవరైనా చెప్పగలరు. ఆ నాలుగూ మాత్రం అక్కడ ఉండి విన్న మీకే తెలుస్తాయి.